క్రొత్త ఊరిలో పాత సైకిలు

ఒక కుటుంబము ఒక ఊరు విడిచి మరియొక ఊరికి తరలిపోవునప్పుడు లారీలోనికి ఎక్కని వస్తువు దాదాపుగా ఉండదు. మంచములు, బీరువా, బియ్యపు డబ్బాలు, దేవుని పటములు, తులసిమొక్క, అన్నియు ఎక్కును. పిల్లల సైకిలును మాత్రము అన్నిటికంటె పైన, చక్రములు ఆకాశమువైపు ఉండునట్లు త్రాళ్లతో బిగించి కట్టుదురు. క్రొత్త యింటికి చేరిన పిమ్మట మంచములు పడకగదికి పోవును, డబ్బాలు వంటయింటికి పోవును, సైకిలు మెట్లక్రిందికి పోవును. మొదటి వారమున బాలుడు "రేపు తొక్కెదను" అనుకొనును. రెండవ వారమున బడి తెరతురు. మూడవ నెల వచ్చుసరికి సీటుపై దుమ్ము పేరుకొనును. హేండిలుమీద తడిబట్టలు ఆరుచుండును. అప్పుడు ఇంటిలోని పెద్దలు, "ఊళ్లో ఉన్నన్నాళ్లు వీడు ఇంటిపట్టున ఉండెడివాడు కాడు. ఇక్కడకు వచ్చి సోమరియైనాడు" అని తీర్పు చెప్పుదురు. కొన్నాళ్లకు ఆ తీర్పును బాలుడు కూడ నమ్మును.

ఈ తీర్పు న్యాయమైనది కాదు. ఉత్సాహము అనునది బియ్యమువలె మనస్సనెడి డబ్బాలో నిలువయుండు సరకనియు, ప్రయాణములో అది ఒలికిపోయినదనియు తలచుటచేత ఇట్టి తీర్పులు పుట్టుచున్నవి. నిజమునకు ఆ బాలుని ఉత్సాహములో అధికభాగము వానిలో లేదు. అది వాని పాత ఊరి దారులలో ఉండెను, ఆ దారిప్రక్కనున్న మనుష్యులలో ఉండెను, దినదినమును ఇంటివారు చెప్పు చిన్నచిన్న పనులలో ఉండెను. లారీలోనికి ఎక్కనివి ఇవియే.

గోదావరి పడమటి డెల్టాలోని గ్రామములను చూచినచో ఈ సంగతి తేటపడును. ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున కట్టిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. అటుపిమ్మట కాలువలు త్రవ్వబడినవి. కాలువలవెంట గట్లు లేచినవి. గట్లపై బాటలు పడినవి. కాలువ నీరు నిమ్మళముగా పారవలెననిన, దాని వాలు కంటికి తెలియనంత స్వల్పముగా ఉండవలెను. వాలు ఎక్కువైనచో నీరు గట్టును కోసివేయును. తక్కువైనచో ఒండ్రు నిలిచిపోవును. ఈ నియమము నీటికొరకు ఏర్పడినదే గాని, దానివలన అప్రయత్నముగా మేలు పొందినవారు సైకిలు తొక్కువారు. ఇంజనీర్లు నీటికి వేసిన దారి చక్రమునకు గూడ దారియైనది. కాలువగట్టున పెరిగిన పిల్లవానికి ఎగుడు అనగా వంతెన ఎక్కునప్పుడు వచ్చు పది గజముల శ్రమ మాత్రమే. అక్కడ వానికి ఎదిరి ఒక్కటే, సముద్రమువైపునుండి వీచు గాలి. మధ్యాహ్నము బడినుండి వచ్చునప్పుడు అది ముఖమునకు కొట్టినచో తల వంచుకొని తొక్కును. వీపునకు తగిలినచో చేతులు వదలి తొక్కి, పెద్దల చీవాట్లు తినును.

దారి యొక్కటియే కాదు. అక్కడ సైకిలునకు పని ఉండెను. తెల్లవారగనే పాలకేంద్రమునకు పాలక్యాను తీసికొనిపోవలెను. పొలములో ఉన్న తాతకు కారియరు అందింపవలెను. వడ్లు మరకు చేరవేయవలెను. పెద్దమ్మ యింటినుండి గోంగూరయో, అరటిగెలయో తేవలెను. ప్రక్క ఊరి ఉన్నతపాఠశాలకు నలుగురైదుగురు కలసి పోవుదురు. ఒకని గొలుసు ఊడినచో అందరును దిగుదురు. ఊరి మొగలో సైకిలు బాగుచేయు దుకాణము ఒకటి ఉండును. అచ్చట నీటితొట్టిలో ట్యూబును ముంచి, బుడగలు వచ్చుచోటును పట్టి, ఆకురాయితో గీకి అతుకు వేయుదురు. డబ్బులు మరునాడు ఇచ్చినను వారు ఏమియు అనరు. ఇట్టిచోట ఏ పిల్లవాడును "నేడు సైకిలు తొక్కుదునా, మానుదునా" అని ఆలోచింపడు. అన్నము తినుటకు ఎట్లు ప్రత్యేకమైన ఉత్సాహము అక్కరలేదో, సైకిలు ఎక్కుటకును అట్లే అక్కరలేదు.

ఇప్పుడు ఆ పిల్లవానిని హైదరాబాదునకు తెచ్చి నిలుపుదురు. ఆ నగరము సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తున ఉన్నంతమాత్రమున దారులు ఎగుడు కానక్కరలేదు. పీఠభూమిపై కూడ సమతలములు ఉండవచ్చును. హైదరాబాదునందు చిక్కు తెచ్చునది ఎత్తు కాదు, రాయి. అక్కడి నేల క్రిందను నేలపైనను ఉన్న నల్లరాతిబండలు సుమారు 250 కోట్ల ఏండ్లనాటివి. ఎండకు వానకు అవి అరగి, గుండ్రని గుట్టలై, గుట్టలనడుమ పల్లములై, నగరమంతయు గడ్డకట్టిన అలలవలె ఉండును. పల్లములలో పూర్వులు చెరువులు కట్టిరి. గుట్టలపై ఈనాటివారు మేడలు కట్టిరి. అందుచేత ఒక వీధిలో బయలుదేరిన బాలుడు అర్ధకిలోమీటరు దిగి, అర్ధకిలోమీటరు ఎక్కి, మరల దిగవలెను. కాలువగట్టున గంటసేపు అలవోకగా తొక్కినవాడు ఇక్కడ పది నిమిషములకే రొప్పుచు దిగి, సైకిలును నడిపించుకొని పోవును. ప్రక్కనుండి మోటారుసైకిళ్లు దూసికొని పోవుచుండును. ఆనాటి సాయంకాలము వాడు తనలో ఏదో తగ్గిపోయినదని అనుకొనును. ఏమియు తగ్గలేదు. లెక్క మారినది, అంతే.

ఆ లెక్కను ఎనిమిదవ తరగతివారు సులభముగా చేయవచ్చును. సైకిలు ముందరి పళ్లచక్రమునకు 44 పళ్లు, వెనుకటి పళ్లచక్రమునకు 18 పళ్లు ఉన్నవనుకొన్నచో, పెడలు ఒకసారి తిరిగినప్పుడు వెనుకచక్రము రెండున్నర చుట్లకు కొంచెము తక్కువ తిరుగును. పెద్ద సైకిలు చక్రపు చుట్టుకొలత ఇంచుమించు 2.2 మీటర్లు. కాబట్టి ఒక్క త్రొక్కుడు చుట్టునకు సైకిలు సుమారు 5.4 మీటర్లు సాగును. ఇరువది మీటర్లకు ఒక మీటరు లేచు ఎగుడులో అంతదూరము సాగుట యనగా, సైకిలును తన శరీరమును కలిపి 27 సెంటీమీటర్లు పైకి ఎత్తుట. వెనుకటి పళ్లచక్రమును తీసి 22 పళ్లది వేసినచో, చుట్టునకు 4.4 మీటర్లే సాగును. ఎత్తవలసినది 22 సెంటీమీటర్లే. మొత్తము శ్రమ తగ్గదు. చుట్లు ఎక్కువ తిరుగవలెను. కాని మోకాళ్లకు ఒక్కొక్క త్రొక్కుడులో పడు బరువు ఇంచుమించు అయిదింట ఒకవంతు తగ్గును. ఈ మార్పు ఏ సైకిలు దుకాణమునందైనను చేయుదురు. చదునైన ఊరికి తగిన సైకిలును గుట్టల ఊరికి తెచ్చి, దానిని మార్చక, పిల్లవాని సంకల్పబలమును నిందించుట వింతగా ఉన్నది.

గాలి సంగతి ఇంతకంటె చిన్నది, కాని ఎక్కువమందిని మోసపుచ్చునది. 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన రబ్బరుగొట్టములను తొడిగెను. అంతకుముందు సైకిళ్లకు గట్టి రబ్బరుపట్టీలే ఉండెడివి, ఎముకలు కదలిపోవుచుండెను. గాలిటైరు వచ్చినపిమ్మటనే సైకిలు సుఖప్రయాణమునకు సాధనమైనది. అయితే రబ్బరు ఎంత మంచిదైనను దానినుండి గాలి మెల్లమెల్లగా వెలికి పోవుచునే యుండును. మూడునెలలు మెట్లక్రింద నిలిచిన సైకిలు పైకి బాగుగానే కనబడును. ఎక్కి తొక్కినచో బురదలో నడచినట్లుండును. పిల్లవాడు తన కాళ్లలో సత్తువ పోయినదనుకొని, దిగి, మరల దానిని మెట్లక్రిందనే పెట్టును. ఒక పంపుతో తీరవలసిన కొరత ఒక ఏడాది కొనసాగును.

ఇక పనుల మాట. నగరపు ఇంటికి పాలు సంచిలో వచ్చును. సరకులను ఎవరో ద్విచక్రవాహనముపై తెచ్చి గడపకడ పెట్టిపోవుదురు. బడికి బస్సు వచ్చును. ఇరుగుపొరుగు పిల్లల పేర్లు తెలియవు. తాతయు పెద్దమ్మయు ఊళ్లోనే యున్నారు. ఎక్కడికి పోవుటకు సైకిలు ఎక్కవలెను? 2011 జనాభా లెక్కలలో దేశమందలి నూరు కుటుంబములలో సుమారు 45 కుటుంబములకు సైకిలు ఉన్నట్లు తేలినది. సైకిలు కలిగియుండుట వేరు, దానితో పోవలసిన చోటు కలిగియుండుట వేరు.

ఇట్టి సమయమున పెద్దలు చేయు చికిత్సలు రెండు. మొదటిది క్రొత్త సైకిలును కొనిపెట్టుట. గేర్లు, లావుపాటి టైర్లు, మెరయు రంగులు గల బండి వచ్చును. అది రెండువారములు తిరిగి, పాతదాని ప్రక్కనే నిలుచును. ఏలయనగా పోవలసిన చోటు ఇంకను ఏర్పడలేదు. రెండవది ప్రతిజ్ఞ చేయించుట. సంవత్సరాదినుండి దినమునకు ఇరువది కిలోమీటర్లు తొక్కెదనని బాలుడు గోడపై కాగితము అంటించును. మొదటిదినము మూడు గుట్టలు ఎక్కి, ఎండలో ఇల్లు చేరి, ఒళ్లునొప్పులతో పడుకొనును. రెండవదినము లేవడు. గోడమీది కాగితము వానిని చూచి నవ్వుచున్నట్లుండును. సైకిలుపై అంతకుముందు విసుగు మాత్రమే ఉన్నది. ఇప్పుడు సిగ్గు కూడ చేరినది. ఈ రెండవ చికిత్స మొదటిదానికంటె చెడ్డది. ధనము పోయినచో మరల వచ్చును గాని, "ఇది నావల్ల కాదు" అను నమ్మకము పిల్లల మనస్సులలో ఒకమారు నాటుకొన్నచో తీయుట కష్టము.

దీనికంటె తక్కువ ఖర్చుతోను తక్కువ గొప్పతోను సాగు పద్ధతి ఒకటి కలదు. ఇంటివారు పిల్లవానికి ఒక పనిని ఒప్పజెప్పవలెను. అది నిజమైన పనిగా ఉండవలెను. వాడు చేయనిచో ఇంటికి లోటు రావలెను. వారమునకు రెండుమారులు కూరగాయలు తెచ్చుట కావచ్చును. గ్రంథాలయమునందు పుస్తకము మార్చుకొనుట కావచ్చును. ఆదివారము ఉదయము ఇడ్లీపిండి తెచ్చుట కావచ్చును. దూరము ఒక కిలోమీటరు చాలును. ఆ ఒక్క దారినే మరల మరల పోవలెను. నాలుగవసారికి ఆ దారిలో గుంతలు ఎక్కడెక్కడ ఉన్నవో తెలియును. ఆరవసారికి ఏ కుక్క అరచునదో, ఏ కుక్క అరచుటకు బద్ధకించునదో తెలియును. పదియవసారికి దుకాణదారుడు పేరు అడుగును. పాత ఊరి దారి కూడ ఒకప్పుడు ఇట్లే తెలిసినదని, అది పసితనమున జరిగినందున జ్ఞాపకము లేదని, ఆ బాలుడు అప్పుడు గ్రహించును.

బయలుదేరు వేళను, దిశను కూడ ఎంచుకొనుట మంచిది. ఆదివారము తెల్లవారుజామున నగరపు రోడ్లు వేరొక ఊరివలె ఉండును. పోవునప్పుడు ఎక్కుచు, వచ్చునప్పుడు దిగుచు ఉండునట్లు దారిని ఏర్పరచుకొన్నచో, అలసినవేళ ఇల్లు తానే పిలుచుకొనును. ఎగుడున దిగి నడిపించుకొని పోవుటలో తప్పేమియు లేదు. గుట్టల ఊళ్లలో పెరిగినవారు దానిని ఓటమిగా ఎంచరు. సీటు ఎత్తు సరిచూచుకొనవలెను. పెడలు అడుగునకు పోయినప్పుడు కాలు ఇంచుమించు చాగవలెను. ఏడాదిలో నాలుగంగుళములు పెరిగిన పిల్లవాడు పాత ఎత్తుననే కూర్చుండి, మోకాళ్లు గడ్డమునకు తగులుచుండగా తొక్కుచు, సైకిలుపై విరక్తి పొందుట అరుదు కాదు.

ఇట్లు నాలుగు వారములు తిరిగిన బాలునకు ఆ నగరము మాటాడ నారంభించును. హైదరాబాదునందలి పేటల పేర్లు బస్సులో కూర్చున్నవానికి వట్టి పేర్లు. సైకిలు తొక్కువానికి అవి హెచ్చరికలు. నల్లకుంట అన్నప్పుడు ఒకనాడు అచ్చట నీరు నిలిచెడిదనియు, నేల ఆ వైపునకు వాలియుండుననియు ఊహింపవచ్చును. అడ్డగుట్ట, బోరబండ అన్నప్పుడు మోకాళ్లను సిద్ధపరచుకొనవలెను. కుంటకు దిగుట, బండకు ఎక్కుట. తెలుగు తెలిసిన పిల్లవానికి ఇంతకంటె మంచి పటము దొరకదు. హుస్సేనుసాగరపు కట్టపైకి మొదటిసారి వచ్చినప్పుడు డెల్టా బాలుడు ఆశ్చర్యపడును. అంతవరకు ఎగుడుదిగుడుగా వచ్చిన దారి ఒక్కసారిగా చదునగును. ఒకవైపున నీరు కనబడును. ఆ కట్టను 16వ శతాబ్దమున కుతుబ్‌షాహీల కాలములో కట్టిరి. నీటిని నిలుపు కట్ట ఎక్కడైనను చదునుగానే ఉండవలెను గదా! గోదావరి గట్టునకు ఏ నియమమో, ఇక్కడను ఇంచుమించు ఆ నియమమే. పాత ఊరినుండి లారీలో రానిది ఇచ్చట ముందే వచ్చి యున్నట్లు వానికి తోచును. పగటివేళ ఆ కట్టమీద రాకపోకల తాకిడి మెండు. ఉదయమునందే దాని అందము తెలియును.

క్రొత్తచోటును చక్రములమీద తెలిసికొనుట పెద్దవారు కూడ చేసిన పనియే. పోలండు దేశమున వార్సా నగరమున పుట్టిన మేరీ స్క్లొడోవ్‌స్కా 1891లో చదువుకొరకు పారిస్ చేరెను. కొన్నియేండ్లు ఆమెకు తెలిసిన పారిస్ యనగా విశ్వవిద్యాలయము, చలిగదులు, పుస్తకములు మాత్రమే. 1895 జూలైలో పియరీ క్యూరీతో ఆమెకు వివాహమయ్యెను. పెండ్లికానుకగా వచ్చిన ధనముతో ఆ దంపతులు రెండు సైకిళ్లను కొని, ఫ్రాన్సు పల్లెసీమలలో తిరిగిరి. తరువాతి సెలవులలోను వారు సైకిళ్లపై యాత్రలు చేయుట మానలేదు. 1903లో నోబెల్ బహుమానము పొందిన ఆ విదుషికి, తాను స్థిరపడిన దేశపు మట్టి వాసన ఎక్కువగా తెలిసినది ఆ దారులలోననుటలో అతిశయోక్తి లేదు.

బస్సులో పోయినచో నష్టమేమి అని అడుగువారు ఉందురు. బస్సు మంచిదే, వానలోను దూరపు బడికిని అదియే శరణ్యము. కాని బస్సులో పోవు పిల్లవానిని వేరొకరు తీసికొనిపోవుచున్నారు. వాడు ఎక్కడ ఎక్కవలెనో ఎక్కడ దిగవలెనో తెలిసికొనును గాని, ఆ రెంటినడుమ ఉన్న ఊరిని తెలిసికొనడు. మూడేండ్లు ఒక నగరమున ఉండియు, ఇంటినుండి రెండు కిలోమీటర్ల దూరమున తప్పిపోవు పిల్లలు కలరు. అట్టివారు పండుగకు పాత ఊరు పోయినప్పుడు "మా ఊరు" అందురు. తిరిగివచ్చునప్పుడు "హైదరాబాదు పోవుచున్నాము" అందురు, "ఇంటికి పోవుచున్నాము" అనరు. సైకిలు మెట్లక్రింద ఉండిపోవుటవలన కలుగు అసలు నష్టమిదియే. వ్యాయామమును ఆటస్థలములో పొందవచ్చును. ఊరిని మాత్రము ఊరిలో తిరిగియే పొందవలెను.

భయము సంగతి చెప్పక విడిచినచో ఈ వాదము నిజాయితీ లేనిదగును. నగరపు పెద్ద రోడ్లపై పిల్లలు సైకిలు తొక్కుటకు తల్లిదండ్రులు జంకుట పిరికితనము కాదు, అది వివేకము. గంట, బ్రేకులు, వెనుకవైపు మెరయు బిళ్ల, తలకు హెల్మెటు, ఇవన్నియు కావలెను. అయినను లారీ ముందర ఇవి చాలవు. కాబట్టి పిల్లలకు ధైర్యము నూరిపోసి పెద్దరోడ్డుమీదకు పంపుట తగదు. దారిని మార్చవలసినవారు పెద్దలు. నెదర్లాండ్స్ దేశమున నేడు జనులకంటె సైకిళ్లు ఎక్కువ. అది మొదటినుండియు అట్లే ఉన్నదని పలువురు తలతురు. కాని 1971లో ఆ చిన్నదేశపు రోడ్లపై 3,000కు పైగా జనులు మరణించిరి. వారిలో 400కు పైగా పిల్లలు. మోటారుకార్లు పెరిగి, సైకిళ్లు ప్రక్కకు నెట్టబడిన కాలమది. తల్లిదండ్రులు వీధులలోనికి వచ్చిరి. పిల్లల ప్రాణములు తీయుట మానుడని ఉద్యమము నడపిరి. 1973లో చమురు కొరత వచ్చి, ఆదివారములందు కార్లను ఆపివేసినప్పుడు, ఖాళీరోడ్లపై జనులు సైకిళ్లతో తిరిగి చూచిరి. అటుపిమ్మట సంవత్సరములతరబడి సైకిళ్లకు వేరుబాటలు వేసిరి. వారి ఉత్సాహము బాటలకు ముందు పుట్టినది కాదు. బాటలతో కూడ పెరిగినది.

హైదరాబాదునందును ఇట్టి ప్రయత్నమొకటి జరిగినది. బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలుబాటను, పైన సౌరఫలకముల కప్పుతో వేసి, 2023లో ప్రారంభించిరి. నీడలో తొక్కుచు పోవుటకు అది చక్కగా ఉన్నది. కాని నల్లకుంటలోని బాలుడు అక్కడికి చేరవలెననిన, సైకిలును ఏ వాహనముపైనో ఎక్కించుకొని పోవలెను. వ్యాయామమునకు అట్టి బాట మేలు. పనికి మాత్రము ఇంటినుండి బడికి, బడినుండి అంగడికి పోవు అరకిలోమీటరు బాటయే మేలు. నగరపాలకులు రెండవదానిని చిన్నపనిగా చూచుట శోచనీయము.

ఊరు మారుటవలన బాలురకంటె బాలికలు ఎక్కువ కోల్పోవుదురు. పల్లెలో ఎనిమిదవ తరగతి బాలిక ప్రక్క ఊరి బడికి సైకిలుపై పోవుట వింత కాదు. దారిపొడవునను తెలిసినవారే యుందురు. నగరమునకు రాగానే, "ఇక్కడ వద్దమ్మా, కాలము మంచిది కాదు" అందురు. అన్న సైకిలు మూడునెలలు మాత్రమే నిలుచును; చెల్లెలి సైకిలును మరుసటి ఏట అమ్మివేయుదురు. ఈ భయమునకు మందు ఒంటరి ధైర్యము కాదు. తమిళనాడునందలి పుదుక్కోట్టై జిల్లాలో 1990వ దశకపు ఆరంభమున సాక్షరతా ఉద్యమమునకు తోడుగా స్త్రీలకు సైకిలు నేర్పిరి. నాటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి అండగా నిలిచిరి. కూలిపనివారు, రాతిగనులలో పనిచేయువారు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలకొలదిగా నేర్చుకొనిరి. ఆడువారి సైకిళ్లు దొరకనప్పుడు మగవారి సైకిళ్లనే తీసికొనిరి. ముందరి కడ్డీమీద బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని కొందరు దానినే మెచ్చిరి. ఒక్కతె తొక్కియుండినచో ఊరు నవ్వియుండెడిది. వేలమంది తొక్కుటచే నవ్వువారే వెగటుపడి మానుకొనిరి. బీహారులో 2006నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లకై ప్రభుత్వము ధనమిచ్చెను. ఒకే ఏట ఒకే తరగతివారందరకును సైకిళ్లు వచ్చుటచే వారు గుంపుగా బడికి పోయిరి. ఉన్నతపాఠశాల దూరముగా ఉన్న గ్రామములలోనే దాని ఫలము ఎక్కువగా కనబడినది.

ఈ గుంపు పద్ధతిని నగరమునకు తెచ్చుట అసాధ్యము కాదు. స్పెయిను దేశమందలి బార్సిలోనా నగరమున 2021నుండి శుక్రవారములందు కొన్ని వీధుల పిల్లలు తల్లిదండ్రులతో గూడి వరుసగా సైకిళ్లపై బడికి పోవుచున్నారు. ఒక నిర్ణీతమైన దారిన, నిర్ణీతమైన వేళకు ఆ వరుస కదలును; దారిలో ఇండ్లున్నవారు చేరుచుందురు. దీనికి కావలసినది ధనము కాదు, ఒక పట్టిక. తెలుగునాట ప్రతి బడిలోను ప్రవేశపుస్తకము కలదు. ఏ పిల్లవాడు ఏ ఊరినుండి క్రొత్తగా వచ్చినాడో, ఇప్పుడు ఏ వీధిలో నున్నాడో అందులో వ్రాసియుండును. ఒక ఉపాధ్యాయుడు ఆ పుస్తకము ముందుంచుకొని, ఒకే వీధివారిని ఒకరికొకరిని చూపి, వారములో ఒకదినము సందులవెంట కలసి రండని చెప్పవచ్చును. తలిదండ్రులలో ఒకరు ముందును, ఒకరు వెనుకను ఉందురు. జూన్ మాసమున బడి తెరచిన మొదటి వారముననే ఈ పని జరిగినచో, వానలు ముదురులోపలనే పిల్లలు దారిలోని గుంతలను నేర్చుకొందురు.